దక్కను చిత్రములయందలి హబ్షీలు

ఇటలీలోని మాంటువా కోటలో మాంటెన్యా 1465-74 నడుమ రచించిన పైకప్పు చిత్రమున నల్లజాతి పరిచారిక యొకతె క్రిందికి జూచుచుండును. టిషియను పటమున దొరసాని లారా డియాంటి ప్రక్కన నొక నల్లబాలుడు గలడు. దొరసానికి బేరున్నది, బాలునకు లేదు. ఇట్టి పటముల కలవడిన కన్నులతో మన దక్కను పటములను జూచినచో బొరపడుదుము.

1645 ప్రాంతమున హైదరలీ, ఇబ్రాహీంఖానులు వ్రాసిన బిజాపురపు పటమున ఏనుగుపై మహమ్మదు ఆదిల్షాయు, అతని వెనుక నొక నల్లనివాడును గలరు. సేవకుడనుకొందుము, కాని యాతడు ఇఖ్లాసుఖాను, ఆ రాజ్యమున మంత్రిత్వమును నెఱపిన హబ్షీ. కావున రాజు వెనుకనున్న ముఖమునకు బరిచారకుడని పేరిడుటకు ముందు తవారీఖులను గాలింపవలెను.

మలిక్ అంబరు కథ మఱియు విచిత్రము. ఇథియోపియాలో బుట్టి, బానిసగా నమ్మబడి, తుదకు అహమ్మదునగర రాజ్యమునే నడపిన యీతడు మొగలులకు జిక్కలేదు. అయినను 1616 ప్రాంతపు అబుల్ హసను పటమున జహంగీరు, ఈటెకు గ్రుచ్చిన అంబరు శిరస్సుపై బాణము వేయుచున్నాడు! అంబరు 1626 దనుక జీవించెను. పాదుషా కోరిక చిత్రమైనదే గాని చరిత్ర కాలేదు. అతనిని గంభీరముగా జూపిన హాషిము పటమే నా కెక్కువ విశ్వాసపాత్రముగా దోచుచున్నది.

హైదరాబాదున నిజాముల ఆఫ్రికా ఆశ్వికదళము వసించిన పేట నేటికిని ఏ.సి. గార్డ్సు అనబడుచున్నది. ఆ రౌతుల సంతతివా రచట గలరు. వారి మర్ఫా వాద్యము నగరపు పెండ్లిండ్లలో వినవచ్చుచునే యున్నది.