గోలీసోడా: నీళ్లలో గ్యాసును పట్టి ఉంచిన పనితనం

గోలీసోడా చూడటానికి సాదా నీళ్లే. గోలీని లోపలికి నొక్కగానే కీచుమంటుంది, అడుగు నుంచి బుడగలు తోసుకొస్తాయి. అప్పటిదాకా అవి ఎక్కడా కనిపించవు. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి, సీసాలోని ఒత్తిడికి లొంగి ఉంటుంది. ఆ లొంగుబాటు చెడకుండా చూడటమే సోడా కట్టేవాడి విద్య. వందేళ్లకు పైగా తెలుగు, తమిళ పల్లెల్లో ఆ విద్య చేతి యంత్రాల మీదే నడిచింది.

దీని మొదలు ఇంగ్లండులో ఉంది. 1767లో లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఒక బీరు కర్మాగారంలో, పులుస్తున్న తొట్టి పైన నీటి పాత్ర వేలాడదీశాడు. తొట్టి నుంచి వచ్చే వాయువు ఆ నీటిలో కరిగి, దానికి చురుకైన రుచి వచ్చింది. చేసే పద్ధతిని 1772లో చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. 1783లో జెనీవాలో యోహాన్ యాకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మలిచాడు. మొదట్లో సుద్ద మీదో సోడా ఉప్పు మీదో గంధకికామ్లం పోసి వాయువు పుట్టించేవారు. సోడా అన్న పేరు అలా నిలిచిపోయింది. ఉక్కు సిలిండర్లు తర్వాత వచ్చాయి.

ఒత్తిడి పెరిగిన కొద్దీ ద్రవంలో వాయువు అదే పాళ్లలో ఎక్కువగా కరుగుతుందని 1803లో విలియం హెన్రీ తేల్చాడు. వేడి మాత్రం దీనికి శత్రువు. మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీరు 0 డిగ్రీల దగ్గర సుమారు 1.7 లీటర్ల వాయువును పట్టుకుంటుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది లీటరులో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. తమిళనాడులో జవ్వాదు కొండల కింద ఉన్న ఆలంగాయం, అలాగే గుడియాత్తం, వేలూరు ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు కొత్త కాదు. సోడా బాగా అమ్ముడయ్యే కాలమే సోడా కట్టడానికి కష్టకాలం. గోరువెచ్చని నీళ్లతో కడితే గ్యాసు సరిగా పట్టదు, పట్టినా గోలీ నొక్కగానే సగం సీసా నురగై పొర్లిపోతుంది. తెల్లవారుజామున, చల్లటి నీళ్లతో కట్టిన సోడాకే ఘాటు.

చల్లదనం, ఒత్తిడి ఉన్నా కలపడం లేకపోతే లాభం లేదు. నిలకడగా ఉన్న నీటిలోకి గ్యాసు పైపొర గుండా మాత్రమే, చాలా నెమ్మదిగా దిగుతుంది. అందుకే చేతి యంత్రంలో సీసాలను చట్రంలో బిగించి, గ్యాసు వదిలి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పుతారు. నీరు చిలికినట్టై, గ్యాసు తాకే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది. చివరికి సీసాలు తలకిందులుగా ఉన్నప్పుడు ఆపుతారు. గోలీ జారి మెడలోని రబ్బరు వలయం మీద కూర్చుంటుంది, లోపలి గ్యాసే దాన్ని గట్టిగా అదిమిపెడుతుంది. సీసాలో పగులుంటే పేలి గాజుపెంకులు ఎగురుతాయి కాబట్టి చట్రం చుట్టూ ఇనుప తొడుగు ఉంటుంది. ఇంత పనీ కరెంటు లేకుండానే జరిగేది.

ఆ సీసా రూపకర్త హైరమ్ కాడ్, ఆంగ్లేయ ఇంజనీరు. 1872లో దీనికి పేటెంటు పొందాడు. మెడలో రెండు నొక్కులు పెట్టడం అతని తెలివి. సీసా వంచేటప్పుడు నొక్కులున్న వైపు కిందికి ఉంచితే గోలీ అక్కడ చిక్కుకుంటుంది, ధారకు అడ్డం రాదు. అలవాటు లేనివాళ్లు సీసాను రెండోవైపు వంచి, చుక్క రాలక తికమకపడతారు. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూతను తెచ్చాక పడమటి దేశాల్లో గోలీసీసా వెనకబడింది. మన దేశంలో నిలిచింది. కడిగి మళ్లీ నింపుకోగల సీసా, మూతకు ఖర్చు లేదు, చిన్న పెట్టుబడికి అంతకంటే అనువైనది ఏముంటుంది?

ఈ చిన్న పెట్టుబడి నుంచే పెద్ద పేరు తెచ్చుకున్న తెలుగు సంస్థ తూర్పు గోదావరి ప్రాంతంలోని రామచంద్రపురంలో పుట్టింది. 1919లో అద్దూరి రామచంద్రరాజు అక్కడ మొదలుపెట్టిన పానీయాల వ్యాపారమే తర్వాత ఆర్టోస్ అయింది. విదేశీ కంపెనీల పోటీని తట్టుకుని గోదావరి జిల్లాల్లో అది నేటికీ అమ్ముడవుతోంది. తెలుగువాళ్లు గర్వపడవలసిన సంగతి ఇది.

నురగ విషయంలో ఒక చిన్న ప్రయోగం ప్రతి సోడా బండి దగ్గరా జరుగుతుంది. నిమ్మరసం పిండిన గ్లాసులో సోడా పోసి చిటికెడు ఉప్పు వేస్తే బుస్సుమని పొంగుతుంది. ఉప్పు రవ్వల గరుకు అంచులే బుడగలు పుట్టే చోట్లు. సీసాలో దుమ్ము మిగిలినా, నీటిలో మామూలు గాలి కరిగి ఉన్నా ఇదే జరుగుతుంది. పెద్ద కర్మాగారాలు గ్యాసు కలపడానికి ముందే నీటిలోని గాలిని తీసేయడానికి కారణం అదే.    

1977లో కోకాకోలా దేశం విడిచినప్పుడు దేశీ పానీయాలకు దారి దొరికింది. 1993లో అది తిరిగొచ్చాక, ప్లాస్టిక్ సీసాలు ఊరూరా చేరాక గోలీసోడా దుకాణాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2017లో జల్లికట్టు ఉద్యమం వెనువెంటనే తమిళనాడు వర్తక సంఘాలు మార్చి 1 నుంచి విదేశీ శీతల పానీయాలు అమ్మవద్దని పిలుపునిచ్చాయి. దాంతో పన్నీరుసోడా, గోలీసోడా మళ్లీ అంగళ్ల ముందు వరుసకు వచ్చాయి. 2025లో గోలీ పాప్ సోడా పేరుతో అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాలకు ఎగుమతి మొదలైందని కేంద్ర వాణిజ్య శాఖ ప్రకటించింది. కాడ్ పుట్టిన దేశానికి అతని గోలీ భారతీయ సరుకుగా తిరిగి చేరింది.