ఇసుక దిబ్బల నీలి సీతాకోకచిలుక

నేడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పశ్చిమ భాగమున ఇండ్లు బారులు తీరియున్న చోట, 19వ శతాబ్ది మధ్యకాలమున కంటికి ఆనినంత మేర ఇసుక దిబ్బలే యుండెడివి. సముద్రపు గాలికి కదలు ఆ ఇసుకలో ఏ ప్రాణి బ్రతుకగలదని చూచువారు తలంచుట సహజము. కాని ఏటేట మార్చి, ఏప్రిల్ మాసములలో ఆ దిబ్బలపై చిన్న నీలి సీతాకోకచిలుకలు ఎగురుచుండెడివి.

1849 ప్రాంతమున బంగారము కొరకు జనులు కాలిఫోర్నియాకు తండోపతండములుగా చేరిరి. ఆ రోజులలో అచటికి వచ్చిన లోర్కిన్ అను ఫ్రెంచి దేశీయుడు కీటకములను సేకరించి స్వదేశమునకు పంపెను. వానిని పరీక్షించి బువాదువాల్ అను శాస్త్రజ్ఞుడు 1852లో ఈ జాతిని వర్ణించి, ఒక పారశీక చక్రవర్తి పేరిట 'జెర్సీస్' అని నామకరణము చేసెను.

దీని గొంగళిపురుగు చిక్కుడు కుటుంబమునకు చెందిన కొన్ని మొక్కలను మాత్రమే తినెడిది. ఈ నీలి చిలుకల కుటుంబములో పెక్కు గొంగళిపురుగులు ఒక తీయని ద్రవమును స్రవించును. చీమలు దానిని త్రాగి, బదులుగా వానిని శత్రువుల నుండి కాపాడును. జెర్సీస్ కూడ ఇట్టి స్నేహమునే నమ్ముకొనియుండెనని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కావున ఇసుక, మొక్క, చీమ – ఈ మూడింటిలో ఏది లోపించినను దాని బ్రతుకు కష్టమే.

నగరము దిబ్బలపైకి ప్రాకెను. ఈ చిలుక దొరకు తావు ఇండ్లస్థలములుగా మారినదని, నగర పరిసరములలో ఇది నశించినదని 1875లోనే హెర్మన్ బేర్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఒక లేఖలో వ్రాసెను. నిజమునకు మిగిలిన కొద్ది దిబ్బలపై అది మరి అరువది ఏండ్లకు పైగా ప్రాణము నిలుపుకొనెను. 1940 దశకపు తొలి సంవత్సరములలో ప్రెసిడియో సైనిక స్థావర ప్రాంతమున చివరిసారిగా కనబడెను. దానిని రూపుమాపవలెనని ఎవరును కోరలేదు. దాని నేలను తీసికొనిరి, అంతే.

1971లో రాబర్ట్ పైల్ అకశేరుక జంతువుల రక్షణకై దాని పేరనే ఒక సంఘమును స్థాపించెను. 2021లో షికాగో ఫీల్డ్ మ్యూజియములోని 93 ఏండ్లనాటి నమూనా నుండి డి.ఎన్.ఏ. తీసి, అది ప్రత్యేక జాతియేనని శాస్త్రజ్ఞులు తేల్చిరి. 2024లో దాని దగ్గరి బంధువైన మరియొక నీలి జాతిని మాంటెరే ప్రాంతము నుండి తెచ్చి, పునరుద్ధరించిన ప్రెసిడియో దిబ్బలపై విడిచిరి. బంధువు వచ్చినది, జెర్సీస్ మాత్రము రాలేదు.

మన కంది, చిక్కుడు చేలపై ఎగురు చిన్న నీలి చిలుకలు ఈ కుటుంబములోనివే. బంజరని మనము విడిచిన నేల కూడ ఏదో యొక ప్రాణికి ఇల్లై యుండవచ్చును.