మదురైలో పరంగి, మనలో వడుగులు



మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళను తమిళులు పూర్వం 'వడుగర్' అనేవారు. ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళమని అర్థం. నాయక రాజుల కాలంలో మదురైని ఏలింది ఆ వడుగులే. అదే మదురైలో ఇంకో మాట కూడా ఉండేది: 'పరంగి'. పోర్చుగీసువాడు పరంగి. వాడి మతంలో కలిసినవాడూ పరంగే. గొడ్డుమాంసం తింటాడు, తాగుతాడు, శుచి లేదు, గడప తొక్కనీయకూడదు. ఇదీ ఆనాటి లెక్క. బయటినుంచి వచ్చిన మనవాళ్ళు మరో బయటివాణ్ణి ఎలా చూశారో ఈసారి చెప్పుకుందాం.

గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు పాదిరి 1595లో మదురై వచ్చాడు. ఒకప్పుడు సిపాయి. ముత్యాల తీరం నుంచి వచ్చే పరవ క్రైస్తవులను చూసుకుంటూ, బడి నడుపుతూ పదకొండేళ్ళు ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఒక్కరు కూడా ఆయన మతంలోకి రాలేదు. మనిషి మంచివాడే, కానీ పరంగి కదా!

1606లో ఇటలీ నుంచి రాబర్ట్ డి నోబిలి వచ్చాడు. విషయం గ్రహించి కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు, తమిళం, సంస్కృతం, మన తెలుగు నేర్చుకున్నాడు. ఆయన చేత మొదట బాప్తిస్మం పొందినవాడు ఆ బడిలోని పంతులే, నాయక కులస్థుడు. రోజుల తరబడి వాదించాకే ఒప్పుకున్నాడు. సంస్కృతం నేర్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడు. పరదేశికి వేదం చెప్పడమంటే తనవాళ్ళలో ఎంత ముప్పో తెలిసీ చెప్పాడు. 1609లో ఆయనా క్రైస్తవుడయ్యాడు.

అప్పుడు గోల రెండో వైపు నుంచి మొదలైంది. పిలక, జంధ్యం, గంధం ఉంచుకున్నవాడు క్రైస్తవుడెలా అవుతాడని 1610లో ఫెర్నాండెజ్ పైవాళ్ళకు ఫిర్యాదు చేశాడు. ఇన్నాళ్ళూ వీధి తలుపులు మూసుకుంది. ఇప్పుడు గుడి తలుపులు మూసుకోబోయాయి. 1619లో గోవాలో పెద్ద సభ జరిగింది. చివరికి 1623లో పోపు పదిహేనవ గ్రెగరీ తీర్పు చెప్పాడు: మూఢాచారం కలవకపోతే పిలక, జంధ్యం, గంధం ఉండవచ్చు.

ఈ తీర్పులో అందరూ చెప్పుకునేది ఇంతవరకే. దానికి రెండో సగం ఉంది. పుట్టుక గొప్పదని గర్వించేవారు తక్కువవారిని తృణీకరించవద్దు, వాక్యం వినడానికి, సంస్కారాలు అందుకోవడానికి వేరే చోటు అడగవద్దు అని పోపు బతిమాలినట్టుగా చెప్పాడు. మొదటి సగం వెంటనే అమలైంది. రెండో సగం కాగితం మీదే ఉండిపోయింది.

డి నోబిలి కూడా గోడ కూల్చలేదు, పక్కనుంచి దాటాడు. నేను పరంగిని కాను, రోములో గొప్ప వంశంవాణ్ణి అని ప్రకటించుకున్నాడు. అంటే పరంగి నీచుడన్న మాటను ఒప్పుకున్నట్టేగా! పేదకులాల వారి దగ్గరికి వెళ్ళడానికి 1640లో పండారస్వాములు అనే వేరే తరగతి పాదిరులను ఏర్పాటు చేయాల్సి వచ్చింది. దేవుడొక్కడే, గురువులు మాత్రం రెండు రకాలు.

బైబిల్లో పేతురు కథ గుర్తుచేసుకోండి. కొర్నేలీ రోమా సైన్యంలో అధికారి, అన్యజాతివాడు. అతని గడప తొక్కకూడదని పేతురు పట్టుదల. ఆ కథలో ముందుగా మారాల్సివచ్చింది కొర్నేలీ కాదు, పేతురు. అపొస్తలుడికే ఆ పాఠం కావలసివస్తే మనమెంత?

మన ఆంధ్రదేశంలోనే చూడండి. 1866లో ఒంగోలు దగ్గర తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ, యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని బడి మాన్పిస్తామని అగ్రకులాలవారు క్లౌ దొరకు చెప్పారు. ఆయన పెద్దల పిల్లల్ని వదులుకున్నాడు గానీ పేరయ్యవాళ్ళను వదులుకోలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ప్రాంతమంతటా క్రైస్తవ్యానికి దారి వేసింది ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక తోళ్ళ వ్యాపారి.

ఇక మన సంగతి. కోయంబత్తూరు, మదురై జిల్లాల్లో అరుంధతీయులున్నారు. చాలామంది ఇళ్ళలో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. తమిళనాడు ప్రభుత్వం 2009లో వారికి ఎస్సీ కోటాలో 3 శాతం విడిగా ఇచ్చింది. ప్రభుత్వం వాళ్ళను లెక్కలోకి తీసుకుంది. మరి మనం? తెలుగు చచ్చిపోతోందని ప్రతి సభలో బాధపడతాం. ఆ వీధుల్లో బతికే ఉన్న తెలుగు మన చెవిన ఎందుకు పడదు? మన సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో ఆ వీధుల పేర్లు ఎన్ని ఉన్నాయి?

క్రైస్తవులమైనా, హిందువులమైనా ఈ ప్రశ్న మనందరిదీ. వడుగులమని పిలిపించుకున్న మనకు బయట నిలబడటమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఈసారి ఉగాదికి పిలుపులు పంచేటప్పుడు ఆ వీధికి కూడా వెళదాం. పిలవడంతో ఆగకుండా, ఒకే పంక్తిలో కూర్చుని భోంచేద్దాం.