సింహాచలం: ఐతిహ్యాలు, అర్చనా సంప్రదాయాలు

సింహాచలం విశాఖపట్నం నగరాన్ని ఆనుకుని ఉన్న కొండ మీది ప్రాచీన వైష్ణవ క్షేత్రం. సముద్ర మట్టానికి దాదాపు 240 మీటర్ల ఎత్తున, పనస చెట్లూ సంపెంగలూ పెరిగే కొండల నడుమ ఈ ఆలయం ఉంది. మూలవిరాట్టు శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి. వరాహ, నరసింహ అవతారాలు రెండూ ఒకే మూర్తిలో కొలువుండడం ఇక్కడి ప్రత్యేకత. ఉత్తరాంధ్ర జనానికి మాత్రం ఆయన సింహాద్రి అప్పన్న. ఈ ప్రాంతంలో అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలమ్మ, సింహాచలం అన్న పేర్లు లేని ఊరు అరుదు.

స్థలపురాణంలో మొదటి ఘట్టం ప్రహ్లాదుడిది. హరినామం మానని కొడుకును హిరణ్యకశిపుడు సముద్రంలో పడవేయించి, పైన ఈ కొండను పెట్టించాడట. శ్రీహరి వచ్చి కొండను పక్కకు తొలగించి బాలుణ్ణి కాపాడాడు. హిరణ్యాక్షుణ్ణి చంపిన వరాహరూపాన్నీ, తన తండ్రిని చంపిన నృసింహరూపాన్నీ ఒక్కటిగా చూపమని ప్రహ్లాదుడు కోరగా స్వామి ఇక్కడ వెలిశాడని పురాణం చెబుతుంది.

రెండో ఘట్టం పురూరవుడిది. ఇక్కడి పూజావిధానమంతా దీని చుట్టూనే అల్లుకుంది. ప్రహ్లాదుడి తరువాత యుగాలు గడిచి గుడి పాడుబడింది, మూర్తిని పుట్ట కప్పేసింది. ఊర్వశితో విహరిస్తూ ఈ కొండకు వచ్చిన పురూరవ చక్రవర్తికి స్వామి జాడ తెలిసింది. పుట్టను తవ్వి తీశారు గానీ స్వామి పాదాలు మాత్రం కనబడలేదు. తొలగించిన పుట్టమన్నుకు సరితూగేటంత చందనాన్ని తనకు పూయాలనీ, ఏడాదికి ఒక్క రోజే నిజరూపంతో దర్శనమిస్తాననీ స్వామి ఆనతిచ్చాడని చెబుతారు. చందనం ఒలిచినప్పుడు మూర్తి నుంచి నెత్తురు కారిందని, అందుకే వెంటనే మళ్లీ పూత పూశారని రామానుజాచార్యులతో ముడిపడిన ఇంకో కథ ఉంది. రెండు కథలూ చెప్పేది స్వామి ఉగ్రతను చల్లార్చాలనే. ఇంత ఎండల ప్రాంతంలో నడివేసవిలో దేవుడికి గంధం పూయాలన్న ఆలోచన పుట్టడం ఎంతో సహజం.

స్వామి నిజరూపం కనబడే ఆ ఒక్క రోజు వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ. ఆనాటి ఉత్సవమే చందనోత్సవం. దానికి ముందే కొండ మీద గంధపు చెక్కల అరగదీత మొదలవుతుంది. సానల మీద నీళ్లు చల్లుతూ రోజుల తరబడి తీసిన గంధంలో సుగంధ ద్రవ్యాలు కలుపుతారు. ఉత్సవం నాటి తెల్లవారుజామున సుప్రభాతం తరువాత అర్చకులు వెండి బొరిగెలతో పాత పూతను మెల్లగా ఒలుస్తారు. లోపలి మూర్తిది త్రిభంగి భంగిమ, వరాహ ముఖం, మానవ శరీరం, సింహం తోక. వంశపారంపర్య ధర్మకర్తలైన విజయనగరం పూసపాటి వారికి తొలి దర్శనం. రాత్రి కొండ మీది గంగధార నీటితో సహస్ర ఘటాభిషేకం చేసి, మూడు మణుగుల చందనాన్ని మళ్లీ సమర్పిస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మరో మూడు విడతలు. అంతా కలిపి పన్నెండు మణుగులు, సుమారు 500 కిలోలు.

చరిత్రకు శాసనాలే సాక్ష్యం. ఇక్కడి తొలి శాసనం కులోత్తుంగ చోళుడి కాలంలో, 11వ శతాబ్దం చివర వేసినది. ఇప్పుడు కనబడే ప్రధానాలయానికి ఈ రూపం 13వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడి వల్ల వచ్చింది. కోణార్క సూర్యాలయాన్ని కట్టించింది కూడా ఆయనే. పడమటి ముఖంగా ఉన్న ఈ గుడిలో 96 స్తంభాల కల్యాణ మండపం ముందు ఎవరైనా ఆగాల్సిందే. కళింగ దండయాత్రలో 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు స్వామికి ఆభరణాలు సమర్పించాడు. తెలుగు వచనానికి తొలినాళ్ల రచయితల్లో ఒకడైన కృష్ణమాచార్యుడు తన సింహగిరి వచనాలను ఈ స్వామికే అంకితం చేశాడు. సాహిత్య చరిత్రలో ఈ క్షేత్రానికి దక్కాల్సినంత చోటు దక్కలేదనే చెప్పాలి.

పాంచరాత్ర ఆగమం ప్రకారం జరిగే నిత్యార్చన ఒక ఎత్తు, జనం మొక్కులు ఒక ఎత్తు. ముఖమండపంలోని కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని నమ్మకం. ఆ స్తంభం కింద సంతానగోపాల యంత్రం ఉందంటారు. రైతులు కోడెదూడలను మొక్కుగా తెచ్చి స్వామికి అప్పగిస్తారు. ఫాల్గుణ పౌర్ణమి డోలోత్సవానికి స్వామి కొండ దిగి, తన సోదరి పైడితల్లి దగ్గరికి పిల్లనడగడానికి వెళ్తాడు. చైత్ర శుద్ధ ఏకాదశికి కల్యాణం జరుగుతుంది. పల్లె బంధుత్వాన్ని ఆగమంలో ఇంత చక్కగా కలుపుకున్న గుళ్లు తక్కువ.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరిప్రదక్షిణ. కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడుస్తారు. దారి అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి వస్తుంది. చాలామంది అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేస్తారు. ఎన్నో చోట్ల స్థానికులే మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర పెట్టుకుని నిలబడతారు.

నిజరూప దర్శనం ఒక్కరోజే కావడంతో చందనోత్సవానికి వచ్చే జనం లక్షల్లో ఉంటారు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున భారీ వర్షానికి కొత్తగా కట్టిన గోడ కూలి, క్యూలో ఉన్న భక్తులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఉత్సవం ఎంత ఘనంగా చేసినా కొండెక్కిన ప్రతి భక్తుడూ క్షేమంగా ఇంటికి చేరేలా చూడడమే ఏర్పాట్లలో మొదటి పని కావాలి. పసిపిల్లలతో, వృద్ధులతో రాదలచిన వారు చందనోత్సవం నాడు కాక మరో రోజు ఎంచుకోవడం మేలు.