కైలాసానికి కాగితాల దారి



మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసివ్వమని కార్యదర్శిగారు కోరారు. ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళ మధ్య బతికినవాణ్ణి, నాకు తెలిసిన చరిత్రంతా కాగితాలదే. కనుక కైలాస మానససరోవర యాత్ర కథను కాగితాల వైపు నుంచి చెబుతాను.

రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గర ఫిల్మ్‌నగర్‌లో ఉంటున్నాను. సాయంత్రాలు దైవసన్నిధానంలో దర్శనం చేసుకుని నలుగురైదుగురు పెన్షనర్లం కాసేపు కూర్చుంటాం. 2025లో యాత్ర మళ్ళీ మొదలైందని పేపర్లో చూసి ఒక మిత్రుడు, "మీకు ఎప్పటినుంచో కోరిక కదా, అర్జీ పెట్టండి" అన్నారు. పెట్టలేను. ఎందుకో చివర్లో చెబుతాను.

ఈ యాత్రకు తెలుగువారిలో ముందుగా చెప్పుకోవలసినవారు స్వామి ప్రణవానంద. 1896లో తూర్పు గోదావరి జిల్లాలో పుట్టారు. పూర్వాశ్రమంలో పేరు కనకదండి వెంకట సోమయాజులు. ఆయన కొన్నాళ్ళు మన జాతివారే! లాహోరులో చదువుకుని, అక్కడి రైల్వే అకౌంట్స్ ఆఫీసులో పనిచేశారు. సహాయ నిరాకరణ ఉద్యమంలో ఉద్యోగం వదిలేసి, గోదావరి ప్రాంతానికి తిరిగివచ్చి కాంగ్రెసులో పనిచేశారు. తరువాత స్వామి జ్ఞానానంద శిష్యులయ్యారు. 1928లో కాశ్మీరు నుంచి లడఖ్, గార్తోక్ మీదుగా తొలిసారి కైలాసం చేరారు. 1935 నుంచి దాదాపు ఏటా వెళ్ళారు. 1936-37లో మానససరోవరం ఒడ్డున తుగోల్హో మఠంలో ఏడాది ఉండి, సరస్సు గడ్డకట్టడం, మళ్ళీ కరగడం కళ్ళారా చూసి రాసుకున్నారు. బ్రహ్మపుత్ర, సింధు, సట్లెజ్, కర్నాలీ నదుల పుట్టుక గురించి ఆయన రాసిన వ్యాసాన్ని 1939లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ పత్రిక ప్రచురించింది. 1976లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1989లో కాలం చేశారు.

ఆయన తిరిగిన కాలంలో యాత్రికుడికి పాస్‌పోర్టూ లేదు, వీసా లేదు. ఆచారమే అనుమతి. అల్మోరా నుంచి నడిచి, సుమారు 17 వేల అడుగుల ఎత్తున్న లిపులేఖ్ కనుమ దాటితే తక్లాకోట్ వస్తుంది. అక్కడ జోంగ్‌పోన్ అనే టిబెటన్ అధికారి ఉండేవాడు. అయితే కాగితం లేదని కష్టం లేకపోలేదు. కనుమ తెరుచుకునేది వేసవి నెలల్లోనే. దారి దోపిడీగాళ్ళకు భయపడి, ఏటా అటు వ్యాపారానికి వెళ్ళే భోటియాల గుంపుతో కలిసి నడిచేవారు. ప్రణవానంద మాత్రం తాను పడ్డ కష్టం తరువాత వచ్చేవాడు పడకూడదని, ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని మైళ్ళు, ఎక్కడ మజిలీ, వెంట ఏమేమి తీసుకెళ్ళాలి అన్నీ పట్టికలు వేసి యాత్రికుల కోసం పుస్తకాలు రాశారు. అకౌంట్స్ ఆఫీసు అలవాటు సన్యాసంలోనూ పోలేదు!

రెండో దశ 1954. ఆ ఏడాది ఏప్రిల్ 29న టిబెట్ ప్రాంతం గురించి భారత్, చైనా ఒప్పందం చేసుకున్నాయి. మనమందరం పంచశీల ఒప్పందం అని చదువుకున్నది అదే. యాత్రికుల గురించి కూడా అందులో రాసుకున్నారు. ఆరు కనుమల పేర్లు చెప్పి వాటిగుండా రావచ్చన్నారు. యాత్రికుడు వేరే ధ్రువపత్రాలు తేనక్కరలేదు. అవతలి చెక్‌పోస్టులో పేరు రాయించుకుని యాత్రా పర్మిట్టు తీసుకుంటే చాలు. అంతవరకు ఆచారంగా ఉన్నది ఆ రోజున రిజిస్టరుకెక్కింది. కాగితానికి గడువంటూ ఉంటుంది కదా! ఆ ఒప్పందం గడువు ఎనిమిదేళ్ళు. 1962 జూన్‌లో తీరిపోయింది, పొడిగించలేదు. అక్టోబరులో యుద్ధమే వచ్చింది. దారి మూతపడింది.

మూడో దశ 1981. రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని ఆ సెప్టెంబరులో యాత్రను మళ్ళీ మొదలుపెట్టాయి. ఈసారి విదేశాంగ శాఖకు అర్జీ, లాటరీ, పాస్‌పోర్టు, చైనా వీసా, ఢిల్లీలో వైద్య పరీక్ష, దారిలో గుంజి దగ్గర మరోసారి పరీక్ష. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారులు అరడజను మంది!

నా ముచ్చట ఈ దశలోదే. 1996లో అర్జీ పెట్టాలనుకున్నాను. సర్వీసులో ఉన్నవాడికి నిరభ్యంతర పత్రం కావాలి. నా కాగితం ఏ బల్ల మీద ఆగిందో తెలియదు, గడువు దాటిన పదకొండు రోజులకు చేతికొచ్చింది. ఎంతో కోపం వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ ఒక్క మాట అడిగింది: "మీ బల్ల మీద ఎవరి కాగితాలూ ఆగలేదా?" జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి నా పెండింగు కట్ట విప్పాను. అందులో ఒక అటెండరు కొడుకు పాస్‌పోర్టు తాలూకు కాగితం నెల పైనుంచి ఉంది. ఆ పూటే పంపించాను. ఆ తరువాత నా సర్వీసులో ప్రయాణం కాగితాన్ని మర్నాటికి ఉంచలేదు.

ఆ తరువాత పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు. 2020కి వెళ్దామని నిశ్చయించుకున్నాను, అప్పటికి చివరి అవకాశం. కరోనా వచ్చింది. సరిహద్దులో గల్వాన్ ఘర్షణా జరిగింది. యాత్ర 2024 దాకా ఆగిపోయింది. 2025లో 750 మందితో మొదలయ్యే నాటికి నాకు డెబ్బై దాటాయి. డెబ్బై దాటినవారి అర్జీ తీసుకోరు. ఇదీ నేను పెట్టలేనన్న కారణం.

కాగితాలన్నీ సరిగా ఉన్నా కొండ ఒప్పుకోవాలి. 1998 ఆగస్టులో మాల్పా దగ్గర కొండచరియ పడి, 60 మంది యాత్రికులతో సహా రెండు వందల మందికి పైగా పోయారు. 2018 జూలైలో నేపాల్ దారిన వెళ్ళిన సుమారు 1,500 మంది వాతావరణం బాగాలేక సిమికోట్, హిల్సాల దగ్గర చిక్కుకున్నారు. అందులో మన రెండు రాష్ట్రాలవారూ ఉన్నారు. 2025 జూలైలో రసువాగఢి దగ్గర నేపాల్, టిబెట్‌లను కలిపే వంతెన వరదకు కొట్టుకుపోయింది.

మా వీధిలో సినిమా ప్రొడక్షన్ మేనేజరు ఒకాయన ఉన్నారు. లడఖ్ షూటింగు వేసుకుంటే పర్మిషన్‌కు రెండు రోజులు, వాతావరణానికి రెండు రోజులు ముందే ఎక్కువ రాసుకుంటామని, అవి నష్టం కింద లెక్కవేయమని చెప్పారు. యాత్రికుడికీ అదే సూత్రం.

వెళ్ళదలచిన మన పిల్లలకు ఒక గుమాస్తాగా నాలుగు మాటలు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. నేపాల్ మీదుగా వెళితే చైనా వీసా గుంపుకంతటికీ ఒకే కాగితం మీద ఉంటుంది, ఒంటరిగా మధ్యలో వెనక్కి రావాలంటే చిక్కు. ప్రతి కాగితానికీ రెండు నకళ్ళు తీసి వేరువేరు సంచుల్లో పెట్టుకోండి. తిరుగు టికెట్టుకు నాలుగు రోజులు ఎడం ఉంచండి. మెడికల్‌లో ఆపితే డాక్టరుతో వాదించకండి, ఆయన మీ ప్రాణం గురించే ఆపుతున్నాడు.

ఇంకా సర్వీసులో ఉన్న బిడ్డలకు మరొక్క మాట. మీ బల్ల మీద ఎవరిదైనా యాత్ర కాగితం ఉంటే ఈ పూటే పంపించండి. కైలాసం ఎక్కడికీ పోదు కానీ, మనిషికి డెబ్బై ఏళ్ళు ఇట్టే దాటిపోతాయి.

సెలవు.