సిఫారసు కాదు, మూల్యాంకనం

అమెరికాలో రెసిడెన్సీ శిక్షణకు దరఖాస్తు చేసే ప్రతి విద్యార్థి గురించీ చదివిన కళాశాల ఒక పత్రం పంపాలి. పూర్వం దానిని ‘డీన్ లేఖ’ అనేవారు. ఆ లేఖకు ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది.

1940లలో ఇంటర్న్‌ల కొరకు ఆసుపత్రులు పోటీపడి, చదువు ముగియడానికి రెండేళ్ల ముందే విద్యార్థులను ఎంచుకోసాగాయి. ఈ తొందరను అరికట్టేందుకు, నిర్ణీత తేదీకి ముందు మార్కుల పట్టికలుగాని, లేఖలుగాని బయటికి ఇవ్వరాదని 1945లో వైద్య కళాశాలలు అంగీకరించాయి. 1952లో విద్యార్థుల, ఆసుపత్రుల ప్రాధాన్యాలను జతపరచే జాతీయ మ్యాచ్ విధానం ఆరంభమైంది.

తేదీల చిక్కు తీరినా పొగడ్తల చిక్కు తీరలేదు. అందరూ ఉత్తములే అయినప్పుడు ఆ మాటకు విలువేమిటి? అందుకే అమెరికా వైద్య కళాశాలల సంఘం 1989లో మార్గదర్శకాలు రూపొందించి, 2002లో లేఖ పేరునే ‘వైద్య విద్యార్థి పనితీరు మూల్యాంకనం’గా మార్చింది. చదువులో వచ్చిన విరామాలు, ప్రతి క్లినికల్ విభాగంలోని పనితీరు, సహాధ్యాయులతో పోలిక అందులో ఉండాలి. 2022 జనవరి నుండి స్టెప్ 1 పరీక్షకు మార్కులు పోయి, ఉత్తీర్ణతే మిగిలింది. దానితో ఇటువంటి పత్రాల బరువు పెరిగింది.

మన కళాశాలలలో చదివి అక్కడికి వెళ్లగోరే వారికీ ఈ పత్రం అవసరమే. దానిని వ్రాసే అధ్యాపకులు ఒకటి గుర్తుంచుకోవాలి. విద్యార్థి లోపాన్ని కప్పిపుచ్చితే ఆ మూల్యం చెల్లించేది రోగి. నిజమైన ప్రతిభను మామూలు మాటలతో సరిపెడితే నష్టపోయేది విద్యార్థి.