తుపానులూ, దేశ రక్షణా

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ ప్రాంతంలో దుండిగల్ అనే ఊరున్నది. భారత వైమానిక దళానికి అధికారులను తయారుచేసే ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఇక్కడనే ఉన్నది. 1967 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ దీనికి శంకుస్థాపన చేసినారు. 1971లో శిక్షణ ఆరంభమైనది. ఇక్కడినుండి బయలుదేరే ఏ విమానమైనా వాతావరణ సమాచారం తెలియకుండా నేలను విడువదు. గాలి ఏ దిక్కునుండి వీస్తున్నది, మబ్బులు ఎంత ఎత్తున ఉన్నవి, చూపు ఎంత దూరం ఆనుతున్నది అనే విషయాలు ముందుగా తెలియాలి. వైమానిక దళంలో వాతావరణ శాస్త్రానికని ప్రత్యేకంగా ఒక శాఖ ఉన్నది. ఆ శాఖ అధికారులు కూడా దుండిగల్‌లోనే శిక్షణ పొందుతారు.

సైన్యానికి వాతావరణ శాస్త్రంతో ఇంత పని ఎందుకు కలిగినది? శత్రువు తుపాకితో వస్తాడు గాని మేఘంతో రాడు కదా అని అనిపించవచ్చు. చరిత్ర దీనికి వేరు సమాధానం చెబుతున్నది.

యుద్ధం నేర్పిన పాఠం

1854 నవంబరు 14వ తేదీన, క్రిమియా యుద్ధకాలంలో, నల్లసముద్రం మీద గొప్ప తుపాను చెలరేగినది. బాలక్లావా రేవు దగ్గర లంగరు వేసి ఉన్న బ్రిటిష్ నౌకలు అనేకం ధ్వంసమైనవి. వాటిలో ఒకటి సైనికుల చలికాలపు దుస్తులను మోసుకొని వచ్చిన నౌక. ఫ్రెంచివారి యుద్ధనౌక 'నాలుగవ హెన్రీ' కూడా పోయినది. ఆ చలికాలంలో సైనికులు పడిన బాధకు శత్రువుతోబాటు ఆ గాలివాన కూడా కారణం.

ఫ్రెంచి ప్రభుత్వం ఈ విషయాన్ని పరిశీలించవలసినదిగా లెవెరియే అనే ఖగోళ శాస్త్రజ్ఞుని కోరినది. నెప్ట్యూన్ గ్రహం ఆకాశంలో ఎక్కడ ఉండాలో 1846లో లెక్కకట్టి చెప్పినది ఈయనే. ఆయన యూరపులోని అనేక చోట్ల నుండి ఆనాటి వాతావరణ వివరాలను తెప్పించి చూడగా, ఆ తుపాను అకస్మాత్తుగా పుట్టినది కాదనీ, యూరపును దాటుకొంటూ వచ్చినదనీ తేలినది. అనగా, టెలిగ్రాఫు ద్వారా ముందుగా తెలియజేసి ఉంటే నౌకలు జాగ్రత్తపడి ఉండేవి. ఈ ఆలోచననుండే వాతావరణ హెచ్చరికల విధానం పెంపొందినది.

తొంబది సంవత్సరాల తరువాత పసిఫిక్ మహాసముద్రంలో అదే పాఠాన్ని మరల నేర్చుకోవలసి వచ్చినది. 1944 డిసెంబరు 18న ఫిలిప్పైన్స్‌కు తూర్పున అమెరికా నౌకాదళం ఒక టైఫూన్‌లో చిక్కుకొన్నది. మూడు డిస్ట్రాయర్ నౌకలు మునిగి, సుమారు 790 మంది మరణించినారు. శత్రువు ఒక్క గుండైనా పేల్చలేదు.

మన తీరం కథ

మన దేశంలో ఈ శాస్త్రం వ్యవస్థగా ఏర్పడడానికి దారితీసిన విపత్తులలో ఒకటి తెలుగు తీరంలోనే జరిగినది. 1864 అక్టోబరు 5న కలకత్తాను పెద్ద తుపాను ముంచినది. ఒక నెల అయినా గడవకముందే, నవంబరు 1వ తేదీ రాత్రి, మచిలీపట్నం మీదికి ఉప్పెన వచ్చినది. సుమారు 30,000 మంది మరణించినట్లు అంచనా. ఈ తుపానులకు 1866లోనూ, 1871లోనూ వచ్చిన వర్షాభావాలు తోడైనవి. చివరకు 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ దాని మొదటి అధిపతి.

తుపానులో ఎక్కువమందిని చంపేది గాలి కాదు, ఉప్పెన. ప్రచండమైన గాలి సముద్రపు నీటిని ఒడ్డువైపుకు నెడుతుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైనకొద్దీ ఆ నీటికి పోయే దారి లేక అది గోడవలె పైకి లేచి భూమి మీదికి వస్తుంది. బంగాళాఖాతపు ఉత్తర భాగం గరాటువలె ఇరుకైనది కనుక అక్కడ ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తుపాను, ఎన్నిక, యుద్ధం

1970 నవంబరు 12న నాటి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా ప్రాంతం మీద వచ్చిన తుపాను దీనికి ఘోరమైన ఉదాహరణ. 3 లక్షలనుండి 5 లక్షల వరకు ప్రజలు మరణించినారని అంచనా. పాకిస్తాన్ ప్రభుత్వం సహాయం అందించడంలో ఆలస్యం చేసినదని ప్రజలు ఆగ్రహించినారు. తరువాతి నెలలోనే ఎన్నికలు జరిగినవి. తూర్పు భాగంలోని 162 సాధారణ స్థానాలలో అవామీ లీగుకు 160 దక్కినవి. అధికారం వారికి అప్పగించలేదు. 1971 మార్చినుండి అణచివేత సాగగా, సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశానికి వచ్చినారు. డిసెంబరులో యుద్ధం జరిగి బంగ్లాదేశ్ అవతరించినది. ఆ యుద్ధపు ఆరంభంలోనే, డిసెంబరు 3-4 తేదీల రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' విశాఖపట్నం దగ్గర మునిగిపోయినది.

ఆ యుద్ధానికి తుపాను ఒక్కటే కారణమని చెప్పరాదు. భాషా వివాదం, ఆర్థిక అసమానతలు అంతకుముందునుండే ఉన్నవి. కాని ఉన్న పగులును తుపాను వెడల్పు చేసినది. భోలాలో లేచిన కెరటం ఒక్క సంవత్సరంలో విశాఖ రేవు వాకిటికి వచ్చినదన్నమాట. దుండిగల్‌లో శిక్షణ ఆరంభమైనది కూడా ఆ సంవత్సరమే. 1972లో ఈ సముద్ర ప్రాంతపు దేశాలు ప్రపంచ వాతావరణ సంస్థ ఆధ్వర్యాన ఒక తుపాను సంఘంగా ఏర్పడి, హెచ్చరికలను పంచుకోవడం మొదలుపెట్టినవి.

కాపలాదారు ఇంటికే ముప్పు

భూమి వేడెక్కుతున్నకొద్దీ ఈ సమస్య కొత్త రూపం దాల్చుతున్నది. తుపానుకు ఇంధనం వెచ్చని సముద్రపు నీటినుండి లేచే ఆవిరి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. తుపానుల సంఖ్య పెరుగకపోయినా, వాటిలో తీవ్రమైనవాటి పాలు పెరుగుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1901 - 2018 సంవత్సరాల మధ్య ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. ఉప్పెన ఇప్పుడు అంత ఎత్తైన మెట్టు మీదనుండి లేస్తున్నది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో విశాఖపట్నాన్ని తాకినది. అక్కడి నౌకాదళ విమానస్థావరమూ, పౌర విమానాశ్రయపు భవనమూ దెబ్బతిన్నవి. సహాయానికి వెళ్ళవలసిన స్థావరానికే సహాయం అవసరమైతే ఎట్లా? ఈ ప్రశ్న అంతకు పదేండ్ల ముందే ఎదురైనది. 2004 డిసెంబరు 26నాటి సునామీకి కార్ నికోబార్ వైమానిక స్థావరం కొట్టుకొనిపోగా, అక్కడి సిబ్బంది, వారి కుటుంబాలవారు కలిసి వందమందికి పైగా మరణించినారు. సునామీ భూకంపంవల్ల వచ్చేది; దానికి భూతాపంతో సంబంధం లేదు. అయినా సముద్రతీరపు స్థావరాలు ఎంత నిస్సహాయమైనవో అది చూపినది.

సముద్రానికి దూరాన ఉన్న దుండిగల్‌కు మార్పు వేరొక రూపంలో తగులుతుంది. విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. పీడనం మారకపోతే గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమ అనుపాతంలో ఉంటుంది. 20 డిగ్రీల వద్ద పరమ ఉష్ణోగ్రత 293. 40 డిగ్రీల వద్ద 313. అనగా సాంద్రత 6 శాతానికి పైగా తగ్గుతుంది. రెక్కలకు అదే ఎత్తుడు శక్తి కావాలంటే విమానం సుమారు 3 శాతం ఎక్కువ వేగాన్ని అందుకోవాలి. ఇంజను శక్తి కూడా పలుచని గాలిలో తగ్గుతుంది కనుక రన్‌వే మీద మరింత దూరం పరుగెత్తాలి. ఎండలు ముదిరినకొద్దీ, ఎక్కువ బరువు మోసే విమానాలకు ఇది చిన్న సమస్య కాదు.

పొరుగువారి మాట

రక్షణ విధానంలో ఇప్పుడు విపత్తు సహాయం ఒక ముఖ్య భాగమైనది. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు వైమానిక దళం సుమారు 20 వేలమందిని తరలించినది. 2004 సునామీలో భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసి చేసిన సహాయకార్యమే తరువాత 'క్వాడ్' అనే కూటమికి బీజమైనది. కాని సహాయానికి వచ్చే నౌక యుద్ధనౌక కూడా అయినప్పుడు అనుమానం తప్పదు. 2008 మేలో నర్గీస్ తుపాను బర్మాలో లక్షా 30 వేలకు పైగా ప్రజలను బలిగొన్నప్పుడు, అమెరికా, ఫ్రెంచి యుద్ధనౌకలు తీరం బయటనే నిలిచిపోయినవి. అక్కడి సైనిక ప్రభుత్వం వాటిని రానీయలేదు. భారత నౌకలు మాత్రం మొదటి రోజులలోనే రంగూన్ చేరి సామగ్రిని అందించినవి. విపత్తు రాకముందే నమ్మకం కుదిరి ఉండాలన్నది దీనినుండి నేర్వదగిన సంగతి.

పసిఫిక్ ద్వీపదేశాలకు ఇది బ్రతుకు సమస్య. తమ భద్రతకు వాతావరణ మార్పును మించిన ముప్పు లేదని 2018లో నౌరూలోని 'బోయి' ప్రకటనలో అవి స్పష్టం చేసినవి. వారి దృష్టిలో సరిహద్దును ఆక్రమించే శత్రువు సముద్రమే.

దుండిగల్‌కు అంతగా దూరంలేని ప్రగతినగర్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉన్నది. 2007నుండి ఇక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. 2011నుండి ఆస్ట్రేలియా, ఇండోనీసియాలతో కలిసి హిందూమహాసముద్ర దేశాలకు హెచ్చరికలను అందిస్తున్నది. ఒకచోట ఎగరడం నేర్పుతారు. వేరొకచోట సముద్రాన్ని గమనిస్తుంటారు. ఈ రెండు పనులూ దేశ రక్షణలోనివే.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా ప్రజలు మరణించినారు. హుద్‌హుద్‌లో ఆస్తినష్టం అపారమైనా ప్రాణనష్టం పదులలోనే ఆగినది. ఈ రెండింటి మధ్య తీరంలో సముద్రం మెత్తబడలేదు. ముందుగా కొలవడం, కొలిచినదానిని సకాలంలో చెప్పడం, చెప్పినదానిని నమ్మి ప్రజలను తరలించడం, ఈ మూడూ నేర్చుకొన్నాము. ఇక ముందు రానున్న తుపానులు మరింత బలమైనవి కావచ్చు. పాఠశాల ఆవరణలో వర్షమాపకాన్నీ, భారమితినీ ప్రతిదినం చదివి వ్రాసే విద్యార్థి నేర్చేది ఆ మూడింటిలో మొదటిదే.